వద్దన్న ఫోటో

మా ఇంటికి నా చిన్నప్పుడు రెండు తలుపులుండేవి. ముందు తలుపు మాది. పక్క సందులోకి వెళ్ళి నాలుగు మెట్లు దిగితే వచ్చే తలుపు బేస్‌మెంట్‌లో అద్దెకున్నవాళ్ళది. టొరంటోకి ఆనుకుని ఉత్తరాన వాన్ అనే ఊరు, అందులో ఒకే రకం ఇటుక ఇళ్ళు వరసగా ఉన్న ఒక వీధి. మన దేశం నుంచి చదువు కోసం వచ్చిన పిల్లలతో కెనడా ఒక్కసారిగా నిండిపోయిన రోజులవి. బస్సుల్లో వాళ్ళే, కాఫీ షాపుల్లో వాళ్ళే, గోడౌన్ల గేట్ల ముందు మంచులో వరస కట్టి నిలబడేదీ వాళ్ళే. మా వీధిలో రెండిళ్ళకొక ఇంటి కింద నలుగురైదుగురు ఉండేవారు. మా ఇంటి కింద ముగ్గురమ్మాయిలు.

వాళ్ళంటే ఎవరికీ గిట్టేది కాదు. పక్కింటి ఇటాలియన్ ముసలాయన చెత్తడబ్బాలు ఎక్కువయ్యాయని సిటీ వాళ్ళకి ఫిర్యాదు చేసేవాడు. బస్సులో కొందరు, వీళ్ళ పక్కన సీటు ఖాళీగా ఉన్నా నిలబడే ప్రయాణం చేసేవారు. అదంతా ఒక ఎత్తు, ముందే వచ్చి స్థిరపడిన మా తెలుగువాళ్ళ కోపం ఒక ఎత్తు. ఆదివారం ఎవరింట్లో భోజనాలకి కలిసినా పెద్దవాళ్ళ మాటలు తిరిగి తిరిగి అక్కడికే వచ్చేవి. వీళ్ళు గట్టిగా మాట్లాడతారు, వీళ్ళకి క్యూలో నిలబడడం రాదు, వీళ్ళ వల్ల మనల్ని కూడా అదే చూపు చూస్తున్నారు. మా అమ్మ అమెరికాలో కొన్నేళ్ళు ఉద్యోగం చేసి, అక్కడ వీసా తేలక కెనడా వచ్చిన మనిషి. ఇక్కడి ఆఫీసులో తన పేరు సరిగ్గా పలికించుకోడానికే ఆమెకి చాలా ఏళ్ళు పట్టిందని నాన్న అనేవారు. అలా తలొంచుకుని సంపాదించుకున్న కాస్త మర్యాదా ఈ పిల్లలొచ్చి పాడు చేస్తున్నారని ఆమె మంట.

అయినా ఇంటి లోను భారం తగ్గడానికి వాళ్ళనే పెట్టుకున్నాం. కింది తలుపు మీద అమ్మ ఒక కాగితం అంటించింది. కిటికీ తెరిచే పోపు పెట్టాలి, చెప్పులు మెట్ల మీద వదలకూడదు, స్నేహితులు రాకూడదు, స్నానం పది నిమిషాలు దాటకూడదు. ఇంటి వేడి పెంచే మీట మా హాల్లోనే ఉండేది. అది ఎంతలో ఉండాలో అమ్మే నిర్ణయించేది.

నాకు పదకొండేళ్ళు. నాకూ వాళ్ళంటే మంటే. వాళ్ళు రాకముందు ఆ బేస్‌మెంట్ నా ఆటల గది. నా బొమ్మల అల్మరా తీసేసి అక్కడ వాళ్ళ మంచాలు వేశారు. అంతకన్నా పెద్ద కారణం మా స్కూలు. "మీ ఇంట్లోంచి అంతమంది వస్తుంటారు, వాళ్ళంతా నీ కజిన్సా?" అని క్లాసులో ఒకమ్మాయి అడిగితే అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి వాళ్ళలో ఎవరు బస్ స్టాపులో కనబడి చెయ్యి ఊపినా నేను తల తిప్పుకునేదాన్ని.

ఎక్కువగా చెయ్యి ఊపేది కింది అక్క. ముగ్గురిలో పెద్దది. నిజామాబాద్ వైపు నుంచి వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉండేది. వారంలో అయిదు రోజులు కాలేజీ, శని ఆదివారాలు మా ఇంటి దగ్గరి ప్లాజాలో తెలుగువాళ్ళ కిరాణా కొట్లో బిల్లింగ్ పని. ఆమె మాట కటువుగా ఉండేది. ఎవరి ముఖప్రీతి కోసమూ మాట్లాడేది కాదు. మా అమ్మ ఆమె యాసని నాన్న ముందు అనుకరించి నవ్వేది, నేనూ నవ్వేదాన్ని. నాకు అప్పట్లో తెలుగు బాగా అర్థమయ్యేది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే చెప్పేదాన్ని. తెలుగు మాట్లాడితే నన్ను కూడా కింది తలుపు వాళ్ళలో కలిపేస్తారని భయం.

మా అమ్మ గురించి ఇంకొక మాట చెప్పాలి, లేకపోతే ఆమెకి అన్యాయం చేసినదాన్నవుతాను. ఆమె చిన్నప్పుడు సంగీతం నేర్చుకుంది. తర్వాత చదువు, ఉద్యోగం, వీసాలు, నేను. సంగీతం ఎక్కడో జారిపోయింది. మిగిలిందల్లా ఒక గాయని గొంతు. ఆవిడ ఎవరో తెలుగునాట తెలియనివాళ్ళుండరు, పేరు ఇక్కడ రాయను. పొద్దున్నే కాఫీ పెట్టేటప్పుడు ఆవిడ పాట, ఆఫీసుకి కారులో వెళ్ళేటప్పుడు ఆవిడ పాట. ఆ పాట వస్తున్నంతసేపూ అమ్మ ముఖంలో విసుగు ఉండేది కాదు. అలాంటప్పుడు చూసుకుని ఏదైనా అడిగితే ఇప్పించేస్తుందని నాకు తెలుసు.

ఆ కొట్లోకి గోంగూర శనివారాల్లో వచ్చేది. పెట్టె తెరిచిన అరగంటకి ఆకు మిగిలేది కాదు. అందుకని ఒక శనివారం మధ్యాహ్నం అమ్మ నన్ను కూడా వెంటబెట్టుకుని వెళ్ళింది. బయట మంచు కరిగి బురదలా ఉంది, లోపల నేలంతా తడి. కొట్టు యజమాని, మేం కొట్టు అంకుల్ అనేవాళ్ళం, సరుకు తేవడానికి వెళ్ళాడు. కింది అక్క గోంగూర కట్టలు విప్పి పెట్టెలో సర్దుతోంది. అమ్మ కట్టలు ఏరుతోంది. నేను అమ్మ ఫోన్‌లో ఆట ఆడుకుంటూ ఆమె వెనకాల నిలబడ్డాను.

మా పక్కన ఒక పెద్దావిడ ఉంది. మోకాళ్ళ దాకా మగవాళ్ళ కోటు, చెవుల మీదికి లాగిన ఉన్ని టోపీ, ముఖానికి మాస్కు. ఆవిడ మాస్కు కొంచెం కిందికి లాగి, ఒక ఆకు తుంచి వాసన చూసి, "ఇది పుల్ల గోంగూరేనా అమ్మా?" అని అక్కని అడిగారు. అంతే. ఆ నాలుగు మాటలకి మా అమ్మ చేతిలో కట్ట అలాగే ఉండిపోయింది.

"మీరు... మీరే కదండీ?" అంది అమ్మ.

"కాదమ్మా, పొరబడ్డారు."

"గొంతు నాకు తెలీదా అండీ! ఇరవై ఏళ్ళుగా రోజూ వింటున్నాను."

ఆవిడ చుట్టూ ఒకసారి చూసుకున్నారు. తర్వాత గొంతు తగ్గించి, అమ్మకి మాత్రమే వినబడేలా చెప్పారు. నేను అమ్మని ఆనుకునే ఉన్నాను కాబట్టి నాకూ వినబడింది. "నేనేనమ్మా. ఒంట్లో బాలేక మా అమ్మాయి దగ్గరికి వచ్చి ఉన్నాను. దయచేసి ఎవరికీ చెప్పకండి. పప్పులోకి కాస్త ఆకు కొనుక్కుని వెళ్ళిపోతాను."

ఒక మనిషి నమ్మి చెప్పిన మాట అది. అమ్మ ఆ క్షణంలో చేతులు జోడించి ఊరుకుని ఉంటే ఆమె జీవితంలోకెల్లా గొప్ప రోజు అదే అయ్యేది. కానీ సంతోషం ఆమె చేతుల్లో ఆగలేదు. "అయ్యో, మీరు మా కొట్లో!" అని గట్టిగా అనేసింది. బియ్యం బస్తాల దగ్గరున్నవాళ్ళు, పచ్చళ్ళ సీసాల దగ్గరున్నవాళ్ళు తిరిగి చూశారు. ఒక్కొక్కరే దగ్గరికొచ్చారు. అమ్మ ఒక్క ఫోటో అంది. ఆవిడ వద్దమ్మా, ఇప్పుడు వద్దన్నారు. అమ్మ పోనీ రెండు చరణాలు పాడమంది. ఆవిడ తల అడ్డంగా ఊపి, బుట్ట కింద పెట్టేసి, తలుపు వైపు కదలబోయారు. జనం మధ్యలో దారి లేదు.

"ఒక్కటేనండీ, ఏం పోయింది?" అంది అమ్మ, దారికి అడ్డంగా నిలబడి.

"వద్దన్నాను కదమ్మా." ఈసారి ఆవిడ గొంతు గట్టిగానే వచ్చింది.

అమ్మ ముఖం మారిపోయింది. ఆఫీసులో ఎవరో ఆమె మాట వినిపించుకోని రోజున ఇంటికొచ్చాక ఉండే ముఖం అది. "మాలాంటివాళ్ళం వింటేనే కదండీ మీరింతవాళ్ళయింది," అంది. అని, ఆవిడ భుజం చుట్టూ చెయ్యి వేసి, "తియ్యవే, తియ్యి," అని నా వైపు చూసింది.

నేను ఫోన్ పైకెత్తాను. ఆవిడ విడిపించుకోబోయారు. అమ్మ చేతి గాజుకి టోపీ ఉన్ని చిక్కుకుంది. ఆవిడ అటు, అమ్మ చెయ్యి ఇటు. టోపీ ఊడి అమ్మ గాజుకి వేలాడింది. ఆవిడ తల మీద ఒక్క వెంట్రుక లేదు. చెవి పక్కన అతికించిన చిన్న కట్టు ఉంది. మాస్కు గడ్డం కిందే ఉండిపోయింది. ఆవిడ రెండు చేతులూ తల మీద పెట్టుకున్నారు, చిన్నపిల్లలు దెబ్బ పడబోతుంటే పెట్టుకున్నట్టు.

నొక్కింది నేనే. ఒకసారి కాదు, మూడుసార్లు నొక్కాను.

కింది అక్క పెట్టె దగ్గర్నుంచి లేచి వచ్చింది. అమ్మ గాజుకున్న టోపీ తీసి ఆవిడ చేతికిచ్చింది. "జరగండి ఆంటీ," అంది. అమ్మ కదల్లేదు. "జరగమంటున్న కదా," అని అమ్మ భుజం పట్టుకుని పక్కకి నెట్టింది. చుట్టూ ఉన్నవాళ్ళని చూసి, "ఏం చూస్తున్రు? ఫోన్లు లోపల పెట్టుకోండి," అంది. ఆవిడని నడిపించుకుంటూ వెనక సరుకుల గదిలోకి తీసుకెళ్ళింది.

సగం తెరిచిన తలుపులోంచి నేను చూశాను. ఆవిడ ఒక బియ్యం బస్తా మీద కూర్చుని ఉన్నారు. అక్క నీళ్ళిచ్చింది. మీరు ఫలానా కదా అని గానీ, ఏమయింది అని గానీ అడగలేదు. మీ అమ్మాయి నంబరు చెప్పమని మాత్రం అడిగింది. కాసేపటికి వెనక తలుపు దగ్గరికి కారొచ్చింది. ఆవిడ ఎక్కబోతుంటే అక్క పరిగెత్తుకొచ్చి, నాలుగు కట్టల గోంగూర సంచిలో వేసుకుని మళ్ళీ పరిగెత్తుకెళ్ళి, ఆవిడ చేతిలో పెట్టింది.

దారి పొడుగునా కారులో అమ్మ ఏడ్చింది. ఏడుస్తూనే తిట్టింది. "నా ఇంట్లో ఉంటూ నలుగురిలో నన్ను నెట్టేస్తుందా!" ఇంటికొచ్చాక వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఫోన్‌లో ఆ మూడు ఫోటోలూ చాలాసేపు చూసింది. తర్వాత తను కనబడనిది ఒకటి ఎంచి, తనకి బాగా దగ్గరైన ఒక స్నేహితురాలికి పంపింది. "పాపం, ఎలా ఉండేవారు, ఎలా అయిపోయారో చూడు," అని రాసింది. అమ్మ దాన్ని జాలి అనుకుంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా అది పూర్తిగా అబద్ధమని నేను అనలేను. కాకపోతే, నన్ను కాదన్నావు కదా అనే కసి కూడా అందులో కలిసే ఉంది.

ఆ ఫోటో స్నేహితురాలి దగ్గర ఆగలేదు. రెండు రోజులకి హైదరాబాద్ నుంచి మా పిన్ని అదే ఫోటోని అమ్మకే పంపింది. "చూశావా అక్కా, ఇంక రోజుల్లోనే ఉందట," అని. ఆన్‌లైన్ చానెళ్ళు ఆవిడ పాత ముఖం, కొత్త తల పక్కపక్కన పెట్టి ఏడుపు సంగీతంతో చూపించాయి. ఆవిడ కూతురు కొట్టు అంకుల్‌కి ఫోన్ చేసి, "మా అమ్మని మీ కొట్లో బజారుపాలు చేశారు" అని ఏడ్చిందట.

మా తెలుగువాళ్ళ ఫోన్ గ్రూపులో విచారణ మొదలైంది. ఎవరు తీశారు? అమ్మ స్నేహితురాలు భయపడి, నాకూ ఎవరో పంపారు అనేసింది. ఆ రోజు కొట్లో ఉన్నవాళ్ళు తామూ ఫోన్లు ఎత్తినవాళ్ళే కాబట్టి నోరు మెదపలేదు. అంతలో ఎవరో అన్నారు, కొట్లో పనిచేసే స్టూడెంటే తీసి చానెల్ వాళ్ళకి అమ్ముకుని ఉంటుందని. ఆ మాటకి ఇంక సాక్ష్యం అవసరం లేకపోయింది. అవును, వీళ్ళు దేనికైనా సిద్ధమే అని ఒకరు, ముందు వీళ్ళని పనుల్లోంచి తియ్యాలి అని ఒకరు. చివరికి ఒకాయన అమ్మని నేరుగా అడిగాడు. మీరు అక్కడే ఉన్నారట కదా మేడమ్, మీరేం చూశారు?

అమ్మ చాలాసేపు ఫోన్ పట్టుకుని కూర్చుంది. తర్వాత రాసింది. "బిల్లింగ్ అమ్మాయే ఆవిడతో పాటు లోపలి గదిలోకి వెళ్ళింది. నాకు తెలిసింది అంతే." ఆమె భుజం మీంచి నేను చదివాను. అప్పుడప్పుడే తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటున్నదాన్ని, ఒక్కో మాటా వేలు పెట్టుకున్నట్టు చదివాను. అందులో ఒక్క అబద్ధం లేదు. కింది అక్క పని మాత్రం ఆ రోజే పోయింది. నిజమో కాదో నాకనవసరం, నా కొట్టు పేరు పోయింది అన్నాడట కొట్టు అంకుల్.

అక్క పైకొచ్చి అమ్మని ఏమీ అడగలేదు. అడిగి ఉంటే అమ్మకి కొంచెం తేలికయ్యేదేమో. అడక్కపోయేసరికి ఆ అమ్మాయి మెట్లెక్కే చప్పుడు కూడా భరించలేకపోయింది. నాలుగో రోజున నాన్నని పంపి ఖాళీ చేయమని చెప్పించింది. నాన్నకి ఫోటో సంగతి తెలియదు. నెలాఖరు దాకా ఉండమ్మా అని ఇబ్బందిపడుతూ చెప్పారు. "వద్దంకుల్, ఆదివారమే పోత," అందట. కిచెనర్ అనే ఊళ్ళో ఎవరో స్నేహితురాలు ఉందట, అక్కడికి.

ఆ ఆదివారం పొద్దున అమ్మ గుడికి వెళ్ళింది. నాన్న బయట మంచు తోస్తున్నారు. ఆదివారాలు అమ్మ నా తలకి నూనె పట్టించి రెండు జడలు వేసేది, స్నానం మధ్యాహ్నమే. ఆ అవతారంలో, మోకాళ్ళ దగ్గర చిరిగిన పాత పైజమాతో నేను ఎప్పుడూ గడప దాటేదాన్ని కాదు, స్కూలు వాళ్ళెవరైనా చూస్తారని. ఆ రోజు లోపలి మెట్ల మీదుగా కిందికి దిగాను. ఎందుకు దిగానో అప్పుడు నాకు తెలియదు. క్షమించమని అడగడానికి మాత్రం కాదు. ఆమె వెళ్ళిపోతోందని కళ్ళారా చూసుకుంటే నాకు తేలికవుతుందనిపించింది.

మిగతా ఇద్దరూ పనులకి వెళ్ళినట్టున్నారు, అక్క ఒక్కతే సూట్‌కేసు మీద మోకాలు పెట్టి జిప్పు లాగుతోంది. నన్ను చూసి ఆపింది.

"ఫోటో నువ్వే తీసినవు కదా?"

నేను ఇంగ్లీషులో, ఏ ఫోటో అన్నాను. ఆమె తన ఫోన్ తీసి ఆ ఫోటో నా ముఖం ముందు పెట్టింది. "చూడు. గడ్డం కింద నుంచి పైకి తీసింది. కొట్లో అందరూ పెద్దోళ్ళే. ఇంత పొట్టిగా ఉన్నది నువ్వొక్కదానివే." అంత తేలిగ్గా తెలిసిపోయే సంగతి అది. అంత పెద్ద గ్రూపులో ఒక్కరికీ ఆ ఆలోచన రాలేదు, ఎందుకంటే ఎవరికీ వెతకాల్సిన పని లేకపోయింది.

నాకు ఏడుపొచ్చింది. ముక్కు కారింది. ఆమె ఒక నిమిషం నన్ను చూసింది. తర్వాత ఫోన్ ఎత్తి టక్కున ఫోటో తీసింది.

"ఎందుకు తీశావ్?" అన్నాను. తెలుగులోనే వచ్చింది.

"మస్తుంది. నూనె జడలు, చిరిగిన పైజమా, చీమిడి ముక్కు. మీ స్కూలుకి పేజీ ఉంటది కదా, అందులో పెడతా. మీ క్లాసోళ్ళందరూ చూస్తరు."

ఆమె నవ్వడం లేదు. బెదిరించడమూ లేదు. రేపు వాన పడుతుందని చెప్పినట్టు చెప్పింది. వద్దన్నాను. ప్లీజ్ అన్నాను. చెయ్యి పట్టుకుని లాగాను. ఆమె చెయ్యి పైకెత్తేసింది, నాకు అందలేదు. వద్దు, వద్దక్కా, వద్దు. ఎన్నిసార్లన్నానో. ఆమెని అక్కా అని పిలవడం అదే మొదటిసారి.

"ఆవిడ కూడా వద్దన్నది," అంది. "నువ్వు పక్కనే ఉన్నవు. విన్నవా, వినలేదా?"

"నాకు తెలుగు సరిగ్గా రాదు."

"వద్దు అంటే అర్థం కానీకి తెలుగు రావాల్నా?"

బయట హారన్ వినిపించింది. ఆమె స్నేహితురాలి కారు. అక్క ఫోన్ కోటు జేబులో వేసుకుని సూట్‌కేసు నిలబెట్టింది. డిలీట్ చెయ్యవా అని అడిగాను.

"చెయ్య. ఎవరికీ పంప కూడా పంప. నా దగ్గరుంటది," అని, మెట్లెక్కి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు నా తల నిమరలేదు, వెనక్కి తిరగలేదు.

నేను ఆ ఖాళీ గదిలో ఎంతసేపు ఉన్నానో తెలియదు. తర్వాత కోటు వేసుకోకుండానే బయటికెళ్ళి నాన్నకి మొత్తం చెప్పాను. ఫోటో, పిన్నికి చేరడం, అమ్మ గ్రూపులో రాసిన మాట, అన్నీ. నాన్న నెమ్మదైన మనిషి, ఎవరి జోలికీ పోయేవారు కాదు. చేతిలోని మంచు పార అక్కడే పడేసి, పద అన్నారు. స్నానం చేసి వస్తానన్నాను. వద్దు, ఇలాగే రా అన్నారు. నూనె తలతో, చిరిగిన పైజమాతో ఆదివారం రద్దీలో ఆ కొట్టు మధ్యలో నిలబడి, వచ్చీరాని తెలుగులో, ఆ ఫోటో తీసింది నేనే అని చెప్పాను. మా క్లాసమ్మాయి ఒకతె వాళ్ళమ్మతో అక్కడే ఉంది. నన్ను పైనుంచి కిందికి చూసింది. చూడనిచ్చాను.

కొట్టు అంకుల్‌కి సిగ్గు కన్నా ముందు కోపమొచ్చింది. ఇప్పుడొచ్చి చెబితే ఏం లాభం అని నాన్న మీద అరిచాడు. అరిచాక, అందరి ముందూ అక్కకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాడు. తప్పయిపోయిందమ్మా, వచ్చే శనివారం నుంచి మళ్ళీ రా అన్నాడు. అవతలి నుంచి కారు చప్పుడు వినబడింది. "తెలిసింది కదా అంకుల్, చాలు. నేను రాను," అని పెట్టేసింది.

సాయంత్రం నాన్న గ్రూపులో రాశారు, ఫోటో తీసింది మా అమ్మాయి, బయటికి పంపింది మా ఇంట్లోంచే, ఆ పిల్లకి ఏ సంబంధమూ లేదు అని. అంతే, నిన్నటిదాకా అక్కని తిట్టిన నోళ్ళే అమ్మ మీదికి తిరిగాయి. అక్క గురించి తప్పుగా అన్నాం అని ఒక్కరూ రాయలేదు. అమ్మ గ్రూపులోంచి తప్పుకుంది. నాన్నతో చాలా రోజులు మాట్లాడలేదు, నాతో ఇంకా ఎక్కువ రోజులు. మా వంటింట్లో మళ్ళీ ఆ పాటలు వినబడలేదు. గాయని కూతురికి నాన్న క్షమాపణ చెబుతూ ఉత్తరం రాసి కొట్టు అంకుల్ ద్వారా పంపారు. జవాబు రాలేదు. ఆవిడ మాత్రం కోలుకుని హైదరాబాద్ వెళ్ళి, ఇంకొన్నేళ్ళు పాడారు. ఆ సంగతి అమ్మకి చెబితే, మంచిదే అని ఊరుకుంది. అమ్మ తన చివరి రోజుల్లో ఒకసారి మాత్రం, నేను అడక్కుండానే, "ఆ రోజు నేను చేతులు జోడించి ఊరుకోవాల్సింది," అంది. అంతకు మించి మా మధ్య ఆ మాట రాలేదు.

కింది అక్క మళ్ళీ కనబడలేదు. చాలా రోజులు స్కూలుకి వెళ్ళగానే ముందు అందరి ముఖాలూ చూసేదాన్ని, ఎవరైనా నవ్వుతున్నారా అని. ఎవరూ నవ్వలేదు. వారాలు గడిచాయి, స్కూలు మారింది, కాలేజీ వచ్చింది, నాకే పిల్లలు పుట్టారు. ఆమె అన్న మాట నిలబెట్టుకుంది. నా పరువు ఇన్నాళ్ళూ ఒకరి చేతిలో ఉంది. ఆమెకి మేం చేసిందానికి ఆ చెయ్యి కదిలినా నేను తప్పుబట్టలేను. అది కదల్లేదు. తెలుగు చదవడం, రాయడం నేను పట్టుబట్టి నేర్చుకున్నది ఆ తర్వాతే.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. నా మనవరాలు ఫోటో వద్దని మొహం తిప్పుకుంటే కూడా నా చెయ్యి దానంతటదే దిగిపోతుంది. ఎవరైనా ఎవరి గురించైనా "వాళ్ళంతా అంతే" అని మొదలుపెడితే, కొట్లో అందరూ పెద్దోళ్ళే అని అక్క అన్న ఆ మాట గుర్తొచ్చి, ఆగి, నిజంగా ఎవరు చేసి ఉంటారా అని లెక్క చూసుకుంటాను. నూనె జడల పదకొండేళ్ళ పిల్ల, ముక్కు కారుతూ, ఏ ఊళ్ళోనో ఏ పాత ఫోన్‌లోనో ఇంకా ఉందనే నా నమ్మకం. ఒకప్పుడు అది చెరిగిపోతే బాగుండుననుకునేదాన్ని. ఇప్పుడు మాత్రం, ఆమె దాన్ని చెరపకుండా ఉంటే బాగుండుననిపిస్తుంది.